ఢిల్లీ చూడ్డానికి వస్తున్నారా? మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులు దగ్గర పడేకొద్దీ ఢిల్లీలో ఉంటున్న తెలుగువాళ్లకు ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఏ నెలలో రావాలి, ఎర్రకోట సోమవారం తీస్తారా, ఆంధ్రా భవన్‌లో గది దొరుకుతుందా... అడిగేవాళ్లు మారుతుంటారు గానీ సందేహాలు అవే. అందుకే అన్నిటికీ ఇక్కడ జవాబులు రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. టికెట్ ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

## బయలుదేరే ముందు

ఢిల్లీ చూడ్డానికి ఏ నెల మంచిది?

ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి నెలాఖరు దాకా. చలి తగ్గి ఉంటుంది, ఎండ ముదరదు, రోడ్ల పక్కన పూలు విరగబూస్తాయి. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌ను జనం చూడ్డానికి తెరిచేదీ సాధారణంగా ఈ రోజుల్లోనే.

మనవాళ్లు ఎక్కువగా వచ్చేది మాత్రం వేసవి సెలవుల్లో. మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది, 'లూ' అనే వడగాలి కొడుతుంది. ఆ నెలల్లో తప్పదనుకుంటే పొద్దున ఆరింటికే బయటపడి పదిన్నరకల్లా గదికి చేరండి, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే బయలుదేరండి.

అక్టోబర్ చివరి నుంచి గాలి పాడవుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లను, చంటిపిల్లలను నవంబర్‌లో తీసుకురావద్దని గట్టిగా చెబుతాను. డిసెంబర్ చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు, విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మన ఊళ్లో వాడే పల్చటి స్వెటర్ ఆ చలికి ఆనదు.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? రెండు రోజుల్లో అయిపోదా?

నిండుగా మూడు రోజులు ఉంచుకోండి. ఆగ్రా కూడా కావాలంటే నాలుగు. పాతఢిల్లీకి ఒక రోజు, ఇండియా గేట్ చుట్టుపక్కల ఒక రోజు, దక్షిణ ఢిల్లీకి ఒక రోజు. రెండు రోజులే ఉంటే ఒక ప్రాంతాన్ని పూర్తిగా వదిలేసి, మిగతా రెండూ తీరిగ్గా చూడండి. ఇరవై చోట్ల ముందు ఫొటోలు దిగి వెళ్లినవాళ్లకు తర్వాత ఏది ఏమిటో గుర్తుండదు. ఎర్రకోట ఫొటో చూపిస్తూ పురానా ఖిలా అనే చుట్టాలు మా ఇంట్లోనే ఉన్నారు.

ఏ రోజు ఏవి మూసి ఉంటాయి?

సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్, నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ (మన ప్రధానుల మ్యూజియం), గాంధీ స్మృతి, రైల్ మ్యూజియం అన్నీ మూసే ఉంటాయి. సోమవారం ఢిల్లీలో ఉంటే కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, లోధీ గార్డెన్, జంతర్ మంతర్, బంగ్లా సాహిబ్ గురుద్వారా చూడండి. అవి తెరిచే ఉంటాయి.

జూకు శుక్రవారం సెలవు, ఆగ్రాలో తాజ్‌మహల్‌కూ శుక్రవారమే. బజార్లలో చాందినీ చౌక్, కన్నాట్ ప్లేస్ దుకాణాలు చాలావరకు ఆదివారం తీయరు. సరోజినీ నగర్, కరోల్ బాగ్, లజపత్ నగర్‌లకు సోమవారం సెలవు.

ఆగస్టు 15కు ముందు కొన్ని రోజుల పాటు ఎర్రకోటలోకి సందర్శకులను రానివ్వరు. జనవరి 26కు ముందు పరేడ్ రిహార్సల్స్ కోసం ఇండియా గేట్ చుట్టూ రోడ్లు మూసేస్తారు. పరేడ్‌కు టికెట్ దొరికినవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ వారం మానుకోవడం మంచిది.

మన వైపు నుంచి వచ్చే రైళ్లు ఏ స్టేషన్‌లో ఆగుతాయి?

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్, విజయవాడ, వరంగల్ మీదుగా వచ్చే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కు వస్తాయి. సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్, సమత ఎక్స్‌ప్రెస్‌లు హజ్రత్ నిజాముద్దీన్ దాకానే. పాతఢిల్లీ స్టేషన్ వేరే ఉంది. టికెట్ మీద 'ఢిల్లీ' అన్న మాట ఒక్కటే చూసుకుని సరిపెట్టుకోకండి, స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. వేసవిలో రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు కూడా ఆ రోజే చూసుకోవాలి.

గది ఏ ఏరియాలో తీసుకుంటే మంచిది?

మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఎక్కడైనా. తక్కువలో కావాలంటే పహాడ్‌గంజ్: న్యూఢిల్లీ స్టేషన్ ఎదురుగానే ఉంటుంది. కానీ సందులు ఇరుకు, గదులు ఫొటోల్లో కనిపించినట్టు ఉండవు. కుటుంబంతో వచ్చేవాళ్లకు నేను చెప్పేది కరోల్ బాగ్. బ్లూ లైన్ దగ్గరే, తినడానికి చోట్లున్నాయి, రాత్రి తొమ్మిదికి కూడా వీధుల్లో జనం ఉంటారు. మహిపాల్‌పూర్‌లో చవకగా దొరుకుతాయి గానీ అది విమానాశ్రయం పక్కన ఉండే ఊరు. తెల్లవారుజామున విమానం ఉంటే తప్ప అక్కడ దిగకండి, ఊరు చూడ్డానికి రోజూ వచ్చి పోవడంలోనే ఓపిక అయిపోతుంది.

ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్‌లో గది దొరుకుతుందా?

అక్కడి గదులు ముందు మంత్రులకు, ఎంపీలకు, ఎమ్మెల్యేలకు, పని మీద వచ్చిన అధికారులకు. సిఫార్సు ఉత్తరం చేతిలో ఉన్నా ఖాళీ ఉంటేనే ఇస్తారు, పార్లమెంటు సమావేశాలప్పుడు ఆశ పెట్టుకోవద్దు. వేరే చోట గది ఖాయం చేసుకునే రైలెక్కండి.

పార్లమెంటు, రాష్ట్రపతి భవన్ లోపలికి వెళ్లి చూడొచ్చా?

రాష్ట్రపతి భవన్‌కు ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. అధికారిక వెబ్‌సైట్‌లో రోజు, సమయం ఎంచుకుని బుక్ చేసుకుంటే చాలు, వచ్చేటప్పుడు ఆధార్ కార్డు మర్చిపోవద్దు. 340 గదుల భవనం అది. ముఖ్యమైన గదులు కొన్ని గైడ్ చూపిస్తూ వివరంగా చెబుతారు. లోపలికి పోలేకపోయినా శనివారం జరిగే గార్డుల మార్పిడి కార్యక్రమం చూడొచ్చు, గుర్రాలు, బ్యాండు ఉంటాయి కాబట్టి పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు.

పార్లమెంటు సమావేశాలు చూడాలంటే గ్యాలరీ పాసు కావాలి, అది ఎంపీ సిఫార్సుతోనే వస్తుంది. మీ నియోజకవర్గం ఎంపీ ఆఫీసులో చాలా ముందుగా అడగండి. 2023 మే 28న ప్రారంభమైన కొత్త భవనం, దాని పక్కనే ఇప్పుడు సంవిధాన్ సదన్ అని పిలుస్తున్న పాత గుండ్రటి భవనం రెండూ రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి.

## దిగిన రోజు

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా రావాలి?

టెర్మినల్ 3లో దిగితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో ఎక్కండి, సుమారు 20 నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్. సామాను పెట్టుకోవడానికి చోటుంటుంది, ట్రాఫిక్ బెడద ఉండదు. టెర్మినల్ 2 నుంచి ఆ స్టేషన్‌కు నడిచి రావొచ్చు. టెర్మినల్ 1 మాత్రం అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరం, దానికి విడిగా మెజెంటా లైన్ స్టేషన్ ఉంది. తిరుగు ప్రయాణంలో చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. టికెట్ మీద టెర్మినల్ నంబరు చూడకుండా టాక్సీ ఎక్కితే విమానం తప్పిపోతుంది.

అర్ధరాత్రి దిగితే మెట్రో ఉండదు. అప్పుడు లోపలి కౌంటర్‌లో ప్రీపెయిడ్ టాక్సీ గానీ, యాప్‌లో క్యాబ్ గానీ తీసుకోండి. బయట చెయ్యి పట్టుకుని పిలిచేవాళ్ల వెంట వెళ్లొద్దు.

న్యూఢిల్లీ స్టేషన్‌లో ఏ వైపు బయటికి రావాలి?

మెట్రో కోసమైతే అజ్మేరీ గేట్ వైపు, అంటే 16వ నంబరు ప్లాట్‌ఫాం వైపు. ఎల్లో లైన్, ఎయిర్‌పోర్ట్ లైన్ రెండూ అటే ఉన్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు పహాడ్‌గంజ్. సామానుతో తప్పు వైపు దిగితే అన్ని ప్లాట్‌ఫాంలూ దాటి వంతెన మీద వెనక్కి నడవాలి.

స్టేషన్ బయట "మీ హోటల్ మూసేశారు, బుకింగ్ క్యాన్సిల్ అయింది" అంటున్నారు. నిజమేనా?

నమ్మకండి. చాలా ఏళ్లుగా నడుస్తున్న మోసం ఇది. మర్యాదగా పలకరిస్తారు, చీటీ చూపించమంటారు, ఎవరికో ఫోన్ కలిపి "హోటల్ మేనేజర్" అని మీ చేతికిస్తారు. తర్వాత వాళ్లకు కమిషన్ వచ్చే చోటికి తీసుకెళ్తారు. మీ హోటల్ నంబరుకు మీ ఫోన్ నుంచి మీరే చేయండి. "ప్రభుత్వ టూరిస్టు ఆఫీసు" అని బోర్డు పెట్టిన ప్రైవేటు ట్రావెల్స్ కూడా కన్నాట్ ప్లేస్ చుట్టూ చాలా ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ ఆఫీసు 88, జన్‌పథ్‌లో ఉంది. మిమ్మల్ని రోడ్డు మీద వెతుక్కుంటూ వచ్చి పిలిచే ప్రభుత్వ ఆఫీసు ఏదీ ఉండదు.

నాకు హిందీ రాదు. ఇబ్బంది అవుతుందా?

మెట్రోలో అసలు అవ్వదు, అన్నీ ఇంగ్లిష్‌లోనూ రాసి ఉంటాయి, ప్రకటనలు కూడా రెండు భాషల్లో వస్తాయి. ఆటోలకు, దుకాణాలకు నాలుగు మాటలు చాలు. "భయ్యా, మీటర్ సే చలోగే?" అంటే మీటరు మీద వస్తావా అని. "కిత్నా లోగే?" అంటే ఎంత తీసుకుంటావని. "మెట్రో స్టేషన్ కిధర్ హై?", "బస్, యహీఁ రోక్ దీజియే" అనేవి కూడా నేర్చుకోండి. పెద్దవాళ్లతో మాట చివర 'జీ' తగిలిస్తే పని సగం తేలికవుతుంది.

## ఊళ్లో తిరగడం

మెట్రోతోనే అన్నీ చూసేయొచ్చా?

దాదాపు అన్నీ. 2002 డిసెంబర్‌లో షాదరా, తీస్ హజారీల మధ్య మొదలైన మెట్రో ఇప్పుడు ఊరంతా అల్లుకుంది. చూసే చోట్లను మెట్రో లైన్ల ప్రకారం విడదీసుకుంటే తిరగడం తేలిక.

ఎల్లో లైన్ మీద చాందినీ చౌక్, కన్నాట్ ప్లేస్‌కు రాజీవ్ చౌక్, కర్తవ్య పథ్‌కు సెంట్రల్ సెక్రటేరియట్, లోధీ గార్డెన్, సఫ్దర్‌జంగ్ సమాధి రెండిటికీ జోర్ బాగ్, దిల్లీ హాట్‌కు ఐఎన్ఏ, ఇంకా కుతుబ్ మీనార్ ఉన్నాయి. వయొలెట్ లైన్ మీద లాల్ ఖిలా, జామా మసీద్, లోటస్ టెంపుల్‌కు కాల్కాజీ మందిర్. బ్లూ లైన్ మీద అక్షరధామ్, కరోల్ బాగ్. ఒక రోజుకు ఒక లైన్ పెట్టుకుంటే అటూ ఇటూ పరుగులు ఉండవు.

రెండు చోట్ల పేరు చూసి మోసపోకండి. కుతుబ్ మీనార్ స్టేషన్ నుంచి ఆ కట్టడం కిలోమీటరుకు పైనే, బయట ఆటో గానీ ఈ-రిక్షా గానీ ఎక్కాలి. ఇండియా గేట్‌కు ఆనుకుని ఏ స్టేషనూ లేదు. సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగి కర్తవ్య పథ్ మీద సుమారు రెండు కిలోమీటర్లు నడవాలి. చలికాలం సాయంత్రం ఆ నడక హాయిగా ఉంటుంది, మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు.

మెట్రో కార్డు తీసుకోవాలా, టికెట్ చాలా?

మూడు రోజులు తిరిగేవాళ్లకు కార్డే మేలు. ప్రతి ప్రయాణం మీద పది శాతం తగ్గింపు ఉంటుంది, రద్దీ లేని వేళల్లో ఇంకాస్త. డబ్బు కన్నా ముఖ్యం, చాందినీ చౌక్ లాంటి చోట టికెట్ లైన్లో నిలబడే పని తప్పుతుంది. కార్డు మనిషికొకటి కావాలి, ఒక కార్డు మీద నలుగురు వెళ్లడం కుదరదు. ఒకటి రెండు సార్లే ఎక్కేవాళ్లు ఫోన్‌లోనే క్యూఆర్ టికెట్ తీసుకోవచ్చు. 2025 ఆగస్టులో పెంచిన తర్వాత ఛార్జీ 11 రూపాయల నుంచి 64 రూపాయల దాకా ఉంది, ఎయిర్‌పోర్ట్ లైన్ ఛార్జీ వేరు.

ఆటోవాళ్లు మీటర్ వేస్తారా?

మీటరు ఉంటుంది, వేయడం మాత్రం మీరు అడగడాన్ని బట్టి. స్టేషన్ల దగ్గర, ఎర్రకోట ముందు, కుతుబ్ దగ్గర ఆగి ఉన్న ఆటోలు ఎక్కువ చెబుతాయి. యాభై అడుగులు ముందుకు నడిచి రోడ్డు మీద పోతున్న ఆటోను ఆపితే న్యాయంగా మాట్లాడతారు. లేదా యాప్‌లో బుక్ చేయండి, కనీసం ధర ఎంతో చూసుకుని బేరం మొదలుపెట్టండి. పెద్ద రైల్వే స్టేషన్ల బయట ప్రీపెయిడ్ ఆటో బూత్ ఉంటుంది. అక్కడిచ్చే చీటీని గమ్యం చేరాకే డ్రైవర్‌కు ఇవ్వాలి.

బ్యాటరీతో నడిచే ఈ-రిక్షాలు మెట్రో స్టేషన్ల నుంచి దగ్గరి దూరాలకు పనికొస్తాయి. 'షేరింగా, మొత్తం బండా' అన్నది ఎక్కే ముందే తేల్చుకోండి.

కారు మాట్లాడుకుంటే ఒక్క రోజులో పది చోట్లు చూపిస్తామంటున్నారు. మంచిదేనా?

నడవలేని పెద్దవాళ్లు ఉంటే తప్ప వద్దనే అంటాను. రోజులో ఎక్కువ భాగం సిగ్నళ్ల దగ్గరే గడిచిపోతుంది. ఒక్కో చోట "అరగంటలో రండి" అంటారు, అరగంటలో ఎర్రకోట టికెట్ కౌంటర్ దాటి లోపలికి నడిచేసరికే టైమైపోతుంది. మధ్యలో "గవర్నమెంట్ ఎంపోరియం" అంటూ ఏదో దుకాణానికి తీసుకెళ్తారు, అక్కడ పోయే గంట కూడా మీదే. కారు తప్పదనుకుంటే నాలుగు చోట్లు మీరే రాసి ఇచ్చి, దుకాణాలకు ఆపొద్దని ముందే చెప్పండి.

ఆడవాళ్లు ఒంటరిగా తిరగొచ్చా?

పగలు మెట్రోలో, చూసే చోట్లలో నిశ్చింతగా తిరగొచ్చు. మెట్రో రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లకే, ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీ సందుల్లో నడవడం, షేరింగ్ ఆటోలు మానండి. క్యాబ్ ఎక్కితే ఇంట్లోవాళ్లకు లొకేషన్ పంపండి. అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181, మెట్రోలో ఏదైనా అయితే 155370.

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు. ఏవి చూపించగలం?

ఇండియా గేట్, బంగ్లా సాహిబ్, కుతుబ్, సుందర్ నర్సరీ పార్కు, ప్రధానమంత్రి సంగ్రహాలయ తేలిక. కుతుబ్‌లో మెట్లు ఎక్కే పని పెద్దగా లేదు. జామా మసీదుకు ఎత్తైన మెట్లున్నాయి, హుమాయూన్ సమాధి వేదిక మెట్లు మరీ నిటారు. అయితే సమాధిని కింద తోటలో కూర్చుని చూసినా తృప్తిగానే ఉంటుంది. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, కానీ రాజీవ్ చౌక్, కశ్మీరీ గేట్‌లలో లైను మారాలంటే చాలా నడవాలి. పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో పెద్దవాళ్లతో ఆ రెండు స్టేషన్లకు పోవద్దు.

## చూడాల్సిన చోట్లు

ఎర్రకోట లోపల చూడ్డానికి ఏముంది? బయటి నుంచి చూస్తే చాలదా?

చాలదు, కానీ ఏం చూడాలో తెలిసి వెళ్లాలి. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648లో పూర్తి చేసిన కోట ఇది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు లోపలి భవనాలు చాలావరకు కూల్చేసి సైనిక బ్యారక్‌లు కట్టారు. "లోపల ఇంతేనా?" అని నిరాశపడేవాళ్లు చూసేది ఆ ఖాళీ జాగానే.

మిగిలినవాటిలో దివాన్-ఎ-ఖాస్ దగ్గర ఆగండి. పాలరాతి స్తంభాల మీద రంగురాళ్లు పొదిగిన పూలు దగ్గరికెళ్లి చూస్తే కొన్నిచోట్ల రాయి ఊడిపోయిన గుంటలు కనిపిస్తాయి. నెమలి సింహాసనం ఇక్కడే ఉండేది, 1739లో నాదిర్ షా ఎత్తుకుపోయాడు. బ్యారక్‌లలో ఇప్పుడు మ్యూజియంలు పెట్టారు. సుభాష్ చంద్రబోస్, ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం తప్పకుండా చూడండి, ఆ సైనికుల మీద 1945–46లో విచారణ జరిగింది ఈ కోటలోనే. స్వతంత్రం వచ్చాక నెహ్రూ ఈ కోట మీద మొదటిసారి జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 16న, 15న కాదు. పిల్లలకు ఇక్కడే చెప్పండి, గుర్తుండిపోతుంది.

చాందినీ చౌక్‌లో తప్పిపోకుండా ఎలా తిరగాలి?

పెద్ద వీధి ఒకటే, తిన్నగా ఉంటుంది: ఒక చివర ఎర్రకోట, ఇంకో చివర ఫతేపురి మసీదు. ఆ వీధిలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా మోటారు వాహనాలు రానివ్వరు, నడవొచ్చు లేదా సైకిల్ రిక్షా ఎక్కొచ్చు. కోట వైపు నుంచి మొదలుపెడితే ఎర్రటి జైన మందిరం, తర్వాత శీష్‌గంజ్ గురుద్వారా వస్తాయి. గురు తేగ్ బహదూర్‌ను ఔరంగజేబు 1675లో చంపించింది అక్కడే. సందుల్లోకి వెళ్లినా మళ్లీ ఈ వీధి మీదికే వస్తే చాలు. పర్సు, ఫోను ముందు జేబులో పెట్టుకోండి.

ఇండియా గేట్‌కు పొద్దున వెళ్లాలా, రాత్రా?

సాయంత్రం. వెలుగు ఉండగానే చేరి ముందు పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం చూడండి, ప్రవేశం ఉచితం. ఇండియా గేట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలో చనిపోయినవాళ్ల కోసం 1931లో ఆవిష్కరించింది. స్వతంత్ర భారతం కోసం ప్రాణాలిచ్చినవాళ్లకు 2019 దాకా ఢిల్లీలో ఇలాంటి చోటు లేదు. గుండ్రంగా పేర్చిన గోడల్లో ఒక్కో రాతిపలక మీద ఒక్కో సైనికుడి పేరు, హోదా, రెజిమెంట్ బంగారు అక్షరాల్లో చెక్కి ఉంటాయి. గల్వాన్‌లో 2020 జూన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు పేరూ ఉంది. మన వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ పలక వెతుక్కుని నిలబడటం నేను చూశాను. మీ ఊరివాళ్లెవరైనా ఉంటే వాళ్ల పేరు కూడా వెతకండి. చీకటి పడ్డాక గేట్ మీద దీపాలు వేస్తారు.

కుతుబ్ మీనార్ పైకి ఎక్కనిస్తారా?

ఎక్కనివ్వరు. 1981 డిసెంబర్‌లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగి నలభై మందికి పైగా చనిపోయారు, పిల్లలే ఎక్కువ. అప్పటి నుంచి మూసేశారు. కింది నుంచి చూసినా సుమారు 73 మీటర్ల ఎత్తు తల తిప్పేస్తుంది. అక్కడి ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది, పదహారు వందల ఏళ్లయినా తుప్పు పట్టి శిథిలం కాలేదు. ఇప్పుడు చుట్టూ కంచె వేశారు, ముట్టుకోవడం కుదరదు. పొద్దున తెరిచిన వెంటనే వెళితే ఎండా ఉండదు, స్కూలు పిల్లల గుంపులూ ఉండవు.

అక్షరధామ్‌కు ఫోన్ తీసుకెళ్లొచ్చా?

లేదు. ఫోను, కెమెరా, స్మార్ట్ వాచ్, బ్యాగు ఏదీ లోపలికి రానివ్వరు, బయటి క్లోక్‌రూమ్‌లో ఇవ్వాలి. ఆ లైనే చాలా పొడుగ్గా ఉంటుంది. గదిలోనే వదిలేసి వెళ్లగలిగితే అన్నిటికన్నా మంచిది. లోపల ఫోన్లు ఉండవు కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో గేటు దగ్గరే అనుకోండి, పిల్లల జేబులో పేరు, నంబరు రాసిన కాగితం పెట్టండి. ప్రవేశం ఉచితం, ప్రదర్శనలకు, సాయంత్రం నీళ్ల షోకు టికెట్. సగం రోజు పడుతుంది.

ఒక్క చోటికే టైముంది. ఏది చూడమంటారు?

హుమాయూన్ సమాధి, సాయంత్రం నాలుగింటికి. తాజ్‌మహల్ కన్నా ఎనభై ఏళ్ల ముందు కట్టింది, ఆ నమూనా ఇక్కడే మొదలైంది. 1857 సెప్టెంబర్‌లో చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ దాక్కుని పట్టుబడింది కూడా ఇక్కడే. ఆ వంశం వైభవం, పతనం రెండూ ఒకే తోటలో కనిపిస్తాయి. గురువారమైతే రోడ్డుకు అవతల నిజాముద్దీన్ దర్గాలో సాయంత్రం ఖవ్వాలీ వినొచ్చు. అక్కడ తల మీద గుడ్డ కప్పుకోవాలి, సందులు ఇరుకు.

మన తెలుగువాళ్ల చరిత్రకు సంబంధించినవి ఢిల్లీలో ఏమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి, గైడ్లు చెప్పరు. కుతుబ్ ఆవరణలోని అలాయీ దర్వాజా, సగంలో ఆగిపోయిన అలాయీ మీనార్ అలాఉద్దీన్ ఖిల్జీ కట్టించినవి. అతని సేనాని మాలిక్ కాఫూర్ 1309–10లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర ఏనుగులు, గుర్రాలు, నగలు కప్పంగా తీసుకెళ్లాడు. ఆ సొమ్ము చేరింది ఈ ఢిల్లీకే. కుతుబ్‌కు తూర్పున పాడుబడిన తుగ్లకాబాద్ కోట ఉంది. దాన్ని కట్టించిన గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుఘ్ ఖాన్ 1323లో ఓరుగల్లును జయించి ప్రతాపరుద్రుడిని బందీగా ఢిల్లీకి పంపాడు. ఆయన దారిలోనే, నర్మద ఒడ్డున కన్నుమూశాడు. వరంగల్ తోరణాలు చూసినవాళ్లకు ఆ కోట గోడల దగ్గర మనసు భారమవుతుంది.

అజ్మేరీ గేట్ దగ్గర ఘాజీఉద్దీన్ మదర్సా ఉంది, హైదరాబాద్ మొదటి నిజాం తండ్రి కట్టించింది, ఆయన సమాధీ అక్కడే. ఇప్పుడు అందులో స్కూలు నడుస్తోంది. ఇండియా గేట్ పక్కన హైదరాబాద్ హౌస్: నిజాం కోసం బ్రిటిష్ వాస్తుశిల్పి లుట్యెన్స్ కట్టిన భవనం. విదేశీ నేతలతో ప్రధాని సమావేశాలు జరిగేది అక్కడే కాబట్టి లోపలికి వెళ్లనివ్వరు. యమున ఒడ్డున ఏక్తా స్థల్‌లో పీవీ నరసింహారావు స్మారకం 2015లో వచ్చింది. ప్రధానమంత్రి సంగ్రహాలయలో ఆయన విభాగం ముందు తప్పకుండా ఆగండి. పింక్ లైన్‌లో వెళుతుంటే 'దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్' స్టేషన్ వస్తుంది, రాజమండ్రి ఆడపడుచు పేరు. దగ్గర్లోనే టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర కళాశాల.

చిన్నపిల్లలకు ఏవి నచ్చుతాయి?

రైల్ మ్యూజియంలో బొమ్మ రైలు, నేషనల్ సైన్స్ సెంటర్, బొమ్మల మ్యూజియం. సమాధులు వరసగా చూపిస్తే విసుగెత్తిపోతారు. రోజుకు ఒక్క కోటో సమాధో చాలు, మిగతా టైమ్ ఇలాంటి చోట్లకు ఇవ్వండి.

## తిండి, కొనుగోళ్లు

మన భోజనం ఎక్కడ దొరుకుతుంది?

అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. ఢిల్లీవాళ్లే ఎక్కువ వస్తారు, అందుకే మధ్యాహ్నం ఒంటి గంటకు లైను బయటి దాకా ఉంటుంది. టోకెన్ తీసుకుని పిలిచేదాకా ఆగాలి. కూర్చోగానే స్టీలు కంచం, చుట్టూ గిన్నెల్లో పప్పు, కూరలు, సాంబారు, రసం, పెరుగు, స్వీటు. టేబుల్ మీద పొడి, పచ్చడి, నెయ్యి. పూరీ అయ్యాక అన్నం, ఎంత కావాలంటే అంత. మాంసం వేపుళ్లు విడిగా చెప్పుకోవాలి. ఆదివారం బిర్యానీ, ఆ రోజు పన్నెండుకే వెళ్లండి. ఇండియా గేట్ చూసే రోజునే ఈ భోజనం పెట్టుకుంటే కలిసొస్తుంది.

ఢిల్లీ తిండిలో ఏది వదులుకోకూడదు?

ఛోలే భటూరే పొద్దున్నే, ఖాళీ కడుపుతో. చాందినీ చౌక్‌లో దరీబా మలుపు దగ్గర వేడి జిలేబీ, పరాఠేవాలీ గలీలో పరాఠాలు. మాంసం తినేవాళ్లకు జామా మసీదు దగ్గర 1913 నుంచి ఉన్న కరీమ్స్. చలికాలమైతే దౌలత్ కీ చాట్ అడగండి: పాల నురుగుతో చేస్తారు, నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది, వేసవిలో దొరకదు. బంగ్లా సాహిబ్‌లో లంగర్ భోజనం అందరికీ ఉచితం. తల కప్పుకుని నేల మీద కూర్చోవాలి, పెట్టించుకున్నది వదిలేయకూడదు. వీలైతే రొట్టెలు చేసేచోట కాసేపు సేవ చేయండి, ఎవరినైనా రానిస్తారు.

షాపింగ్‌కు ఎక్కడికి వెళ్లాలి?

బట్టలకు సరోజినీ నగర్, జన్‌పథ్. చెప్పిన ధరలో సగం నుంచి బేరం మొదలుపెట్టండి. పెళ్లి బట్టలకు చాందినీ చౌక్. అన్ని రాష్ట్రాల చేతిపనులకు ఐఎన్ఏ ఎదురుగా దిల్లీ హాట్. పుస్తకాలు ఇష్టమైతే ఆదివారం పొద్దున ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్‌కు వెళ్లండి. ఒకప్పటి దర్యాగంజ్ పుస్తకాల సంత ఇప్పుడు అక్కడే జరుగుతోంది.

## ఆగ్రా, తిరుగు ప్రయాణం

ఆగ్రా ఒక్క రోజులో చూసి రావొచ్చా?

వచ్చేయొచ్చు. నిజాముద్దీన్ నుంచి పొద్దున ఎనిమిదింటి ప్రాంతంలో గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్, సాయంత్రం అదే బండిలో వెనక్కి. శుక్రవారం ఆ రైలూ ఉండదు, తాజ్ కూడా మూసే ఉంటుంది. తాజ్ టికెట్ 50 రూపాయలు, సమాధి గదిలోకి వెళ్లాలంటే ఇంకో 200. 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం.

ఇంకో దారి ఉంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున ఆగ్రాలో ఆగుతుంది. ఆగ్రా దాకానే టికెట్ తీసుకుని అక్కడ దిగండి, సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి, సూర్యోదయానికి తాజ్ దగ్గరికి చేరండి. సాయంత్రం వేరే రైల్లో ఢిల్లీకి రావొచ్చు. ఢిల్లీ నుంచి ఆగ్రాకు వెళ్లి రావడం తప్పుతుంది. పిల్లలు తెల్లవారుజామున లేవగలరనుకుంటేనే పెట్టుకోండి.

తిరుగు రైలుకు ఎంత ముందు బయలుదేరాలి?

కరోల్ బాగ్, పహాడ్‌గంజ్‌ల నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు గంటన్నర ముందు. దూరం తక్కువే, కానీ స్టేషన్ ముందు ట్రాఫిక్, లోపల సామాను తనిఖీ లైను ఎంతసేపు పడతాయో చెప్పలేం. నిజాముద్దీన్ అయితే పింక్ లైన్‌లో సరాయ్ కాలే ఖాన్ స్టేషన్‌లో దిగొచ్చు. పొగమంచు రోజుల్లో ఇంట్లోంచి కదిలే ముందు 139కి ఫోన్ చేసి రైలు ఎన్నింటికి బయలుదేరుతుందో కనుక్కోండి. ఆలస్యమని తెలిస్తే ఆ చలిలో ప్లాట్‌ఫాం మీద కూర్చోకుండా గదిలోనే ఉండొచ్చు. గది ఖాళీ చేసే టైమ్ గంటో రెండో పొడిగించమని ముందు రోజే అడిగిపెట్టుకోండి.